2034కి ఇప్పుడే పూనుకుందాం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పెద్దలకు, అవ్వలకు, అక్కలకు, దుబాయి, మస్కట్, రియాద్ క్యాంపుల్లో కూర్చుని ఇది చదువుతున్న తమ్ముళ్లకు ఈ మాట.

ముందుగా ఒక లెక్క చూడండి. జగిత్యాల ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022 నవంబరు 15న మొదలైంది. 150 సీట్లు. ఆ మొదటి బ్యాచ్‌లో చేరిన వాళ్లకు ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ కలిపి ఐదున్నరేళ్లు. అంటే 2028. ఆ తర్వాత జనరల్ సర్జరీలో ఎంఎస్ మూడేళ్లు, 2031. ఆపైన గుండె, ఛాతీ, రక్తనాళాల సర్జరీలో ఎంసీహెచ్ ఇంకో మూడేళ్లు, 2034. పీజీ ర్యాంకు కోసం ఒక ఏడు, సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష కోసం ఒక ఏడు పోకుండా ఉంటేనే ఈ లెక్క. సిరిసిల్ల కాలేజీ 2023 సెప్టెంబరు 15న మొదలైంది కాబట్టి అక్కడి వాళ్లకు 2035. కోరుట్లలో మెడికల్ కాలేజీ లేదు, కానీ కోరుట్ల పిల్లలు ఎక్కడ సీటొస్తే అక్కడ చదువుతున్నారు. వాళ్లూ ఈ లెక్కలోనే ఉన్నారు.

కాలేజీ వచ్చిన రోజు పటాకులు కాల్చాం, ఫ్లెక్సీలు కట్టాం. కాలేజీ వస్తే డాక్టర్లు వస్తారు, డాక్టర్లు వస్తే గుండె ఆపరేషన్లు ఇక్కడే అవుతాయి అనుకుని నిశ్చింతగా ఇంటికి పోయాం. అట్లా ఏమీ కాదు. ఈ రెండు కాలేజీల నుంచి ఏటా వందలమంది ఎంబీబీఎస్‌లు బయటికొచ్చినా, వాళ్లలో ఒక్క గుండె సర్జన్ కూడా తయారు కాకుండా ఇరవై ఏళ్లు గడిచిపోవచ్చు. అట్లా గడవకూడదని చెప్పడానికే ఈ సందేశం.

దేశంలో గుండె సర్జరీ ఎంసీహెచ్ సీట్లు ఏటా కొన్ని, చేరేవాళ్లు లేక ఖాళీగా మిగిలిపోతున్నాయి. ఎంబీబీఎస్ సీటు కోసం లాంగ్ టర్మ్ కోచింగులకు పొలం కుదువ పెట్టే మనుషులున్న దేశంలో పైమెట్టు సీటును అడిగే దిక్కు లేదు! పిల్లల్లో సత్తా లేక కాదు. అసలు సంగతి మన ఇళ్లలో ఉంది. కోరుట్లలో పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, బీడీలు చేసి బిడ్డను చదివించిన తల్లి ఉందనుకోండి. బిడ్డ ఎంబీబీఎస్ అయింది. వాడకట్టంతా డాక్టరమ్మ అంటోంది. ఇక గడ్డకు పడ్డాం అనుకున్న రోజునే ఆ పిల్ల, "ఇంకా ఆరేండ్లు చదవాల్నమ్మా" అంటే? తల్లి సరే అన్నా మేనమామ అనడు. "ఇంకెన్నేండ్లు చదువుతది? పెండ్లెప్పుడు చేస్తరు?" అని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆమెతో చదివినవాడు రేడియాలజీ చేసి ముప్పై ఏళ్లకల్లా స్కానింగ్ సెంటర్ పెట్టుకుంటాడు, కారు కొంటాడు, ఇంటికి మార్బుల్ వేయిస్తాడు. ఈమె ముప్పై రెండేళ్లకు కూడా స్టైపెండ్ మీద, హాస్టల్ గదిలో, రాత్రి డ్యూటీల్లో ఉంటుంది. పక్కన పెద్ద డాక్టరు లేకుండా ఒక గుండెను తెరిచి మూసే ధైర్యం వచ్చేసరికి ముప్పై ఐదు దాటుతాయి. మేనమామను నేను తప్పుపట్టను. అప్పున్న ఇంట్లో ఆయన మాటే న్యాయంగా వినిపిస్తుంది. ఆ అప్పు సంగతి ఊరు చూసుకుంటే ఆయన కుర్చీ తీసుకుని లోపలికి పోతాడు.

ఆ ఆరేళ్లలో వాళ్లు ఏం నేర్చుకుంటారో కొంచెం దగ్గరగా చూద్దాం. ఎంఎస్‌లో ఉన్నప్పుడు కడుపులు, పేగులు, హెర్నియాలు, అర్ధరాత్రి వచ్చే యాక్సిడెంట్ కేసులు. నెత్తురు చూసి చేయి వణకకుండా ఉండటం అక్కడ అలవాటవుతుంది. ఎంసీహెచ్‌లో చేరగానే గుండెను ముట్టుకోనిస్తారనుకుంటే పొరపాటు. బైపాస్ రోగికి పెద్ద డాక్టరు ఛాతీ తెరుస్తుంటే కొత్తగా చేరిన పిల్లవాడు కాళ్ల దగ్గర నిలబడాలి. చీలమండ నుంచి పైకి పోయే సిరను, దాని పిల్లకొమ్మలు ఒక్కొక్కటీ కట్టుకుంటూ, ఎక్కడా గీత పడకుండా బయటికి తీయాలి. గుండె మీద కొత్త దారిగా కుట్టేది ఆ సిరనే. దానికి చిన్న చిరుగు పడితే పైన ఎంత గొప్ప చేయి కుట్టినా దండగే. నెలల తరబడి ఇదే పని. ఆ తర్వాత రొమ్ము ఎముకను రంపంతో కోయడం, మళ్లీ స్టీలు తీగలతో బిగించడం. ఆ తర్వాత, గుండె ఆగినప్పుడు దాని పని చేసే హార్ట్‌లంగ్ మెషిన్ గొట్టాలు గుండెకు అమర్చడం. గదికి వచ్చాక నిద్ర పట్టేదాకా మంచం కోడుకు దారం కట్టి ముడులు వేయడం, కుడిచేత్తో, ఎడమచేత్తో, కళ్లు మూసుకుని. మటన్ కొట్టు నుంచి మేక గుండె తెచ్చుకుని దాని మీద కుట్లు సాధన చేయడం.

చివరికి ఒకరోజు పెద్ద డాక్టరు సూది పట్టుకునే ఫోర్సెప్స్ అందిస్తాడు. గుండె మీది నాళం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని కుట్టే దారం వెంట్రుకంత సన్నం. కళ్లద్దాలకు బిగించిన భూతద్దాల్లోంచి చూస్తూ, పొటాషియం కలిపిన చల్లని ద్రావణంతో ఆపేసిన గుండె మీద, ఒక్కో కుట్టు. గుండె ఆగి ఎన్ని నిమిషాలైందో పక్కనుంచి ఒకరు చెబుతూ ఉంటారు. కుట్లు అయ్యాక బిగింపు తీస్తారు, నెత్తురు లోపలికి పోతుంది, గుండె ముందు అదురుతుంది, తర్వాత కొట్టుకుంటుంది. ఒకసారి అది చూసినవాడు ఇక వేరే బ్రాంచి వైపు చూడడని ఈ విద్యలో ఉన్నవాళ్లంతా చెప్పే మాట. వాళ్లను అక్కడిదాకా చేర్చడమే కష్టం.

ఇదంతా ఒక్కడి పని అనుకోవద్దు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరు ఉంటాడు. హార్ట్‌లంగ్ మెషిన్ నడిపే పర్ఫ్యూజనిస్ట్ ఉంటాడు. అతను రెప్పవేయకుండా కూర్చుంటేనే రోగికి ఊపిరి. పనిముట్లు అడగకముందే అందించే నర్సు ఉంటుంది. ఆ రాత్రంతా ఐసీయూలో గంట గంటకూ డ్రెయిన్‌లో నెత్తురు కొలిచే నర్సు ఉంటుంది. ఇంటర్‌లో బైపీసీ చదివి ఎంబీబీఎస్ సీటు రాని పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది? వాళ్లకు పర్ఫ్యూజన్ టెక్నాలజీ అనే చదువు ఉందని చెప్పిన లెక్చరర్ ఎందరు? ఆ చదువు లేకపోతే సర్జన్ ఉన్నా థియేటర్ తలుపు తెరుచుకోదు.

ఆ హార్ట్‌లంగ్ మెషిన్ కథ ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. అమెరికాలో జాన్ గిబ్బన్ అనే సర్జన్ దాని కోసం దాదాపు ఇరవై ఏళ్లు కష్టపడ్డాడు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో 18 ఏళ్ల అమ్మాయి గుండెలోని రంధ్రాన్ని మూశాడు. 26 నిమిషాలు ఆ పిల్ల ప్రాణాన్ని మెషినే మోసింది. ఆ తర్వాత ఆపరేషన్ చేసిన రోగులు దక్కలేదు. గిబ్బన్ మనసు విరిగి, మళ్లీ ఆ పని ముట్టుకోలేదు. అక్కడితో ఆగిపోవాల్సిన విద్య అది. మేయో క్లినిక్‌లో జాన్ కర్క్లిన్ బృందం ఆ మెషిన్‌నే బాగుచేసి 1955లో మళ్లీ మొదలుపెట్టింది. మొదలుపెట్టినవాడు అలసిపోయి కూర్చున్నప్పుడు ఇంకొకరు లేచి అందుకున్నారు కాబట్టే ఇవాళ మన సిరిసిల్ల మనిషి హైదరాబాద్‌లో బైపాస్ చేయించుకుని పది రోజులకు ఇంటికి వస్తున్నాడు.

సిరిసిల్ల మాట వచ్చింది కాబట్టి సాంచెల దగ్గరికి పోదాం. నేతన్నలారా, గుండె సర్జరీ మీకు పరాయి విద్య కాదు. 1950ల మొదట్లో హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అనే సర్జన్‌కు చెడిపోయిన పెద్ద ధమని స్థానంలో పెట్టడానికి ఏదైనా గుడ్డ కావాల్సి వచ్చింది. బట్టల కొట్టుకు పోయి నైలాన్ అడిగితే అయిపోయిందన్నారు. డెక్రాన్ ఉందన్నారు. అంటే పాలిస్టర్, సిరిసిల్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన గుడ్డ. దాన్నే కొనుక్కుని ఇంటికి వెళ్లి, భార్య కుట్టు మిషన్ మీద తన చేత్తో గొట్టాలుగా కుట్టాడు. కుట్టుపని అతనికి చిన్నప్పుడు తల్లి నేర్పిందే. ఆ తర్వాత ఫిలడెల్ఫియా టెక్స్‌టైల్ కాలేజీ ఇంజనీరుతో కలిసి ఆ గొట్టాలు అల్లే యంత్రం చేయించాడు. ఈనాటికీ ధమనికి బదులు పెట్టే గొట్టాలు పాలిస్టర్‌తో నేసినవో, అల్లినవో. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసిన మన దేశపు తొలి కృత్రిమ గుండె కవాటానికి కూడా గుండె కండకు కుట్టే అంచు పాలిస్టర్ గుడ్డే. ఆ కవాటం మూడు నమూనాలు విఫలమై, నాలుగోది 1990 డిసెంబరు 6న మొదటిసారి ఒక మనిషి గుండెలోకి వెళ్లింది.

సిరిసిల్ల సాంచెల మీద రేపే నాళాలు నేయొచ్చని చెప్పడం లేదు. దానికి వేరే మిషన్లు, వేరే శుభ్రత, ఏళ్ల తరబడి పరీక్షలు, అనుమతులు కావాలి. కానీ అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు చేతివేళ్లు ఎక్కడివి? ఈ ఊరివే. భీము ఎక్కించి, తెగిన పోగును చీకట్లో తడిమి ముడివేసే ఆసామి ఇంట్లో పెరిగిన బిడ్డ వేళ్లకు, వెంట్రుకంత దారం పట్టుకోవడం ఏ హైదరాబాద్ కార్పొరేట్ స్కూలు పిల్లవాడికన్నా కష్టంగా ఉంటుందా? నేను నమ్మను. నమ్మేవాళ్లెవరైనా ఉంటే పండుగ ముందు మన గాంధీనగర్ సందుల్లో ఒక పూట తిరిగి చూడమనండి.

తెలుగువాళ్లు ఈ విద్యలో వెనకబడి ఏం లేరు. రాజమహేంద్రవరంలో పుట్టిన పనంగిపల్లి వేణుగోపాల్ ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివి, అక్కడే పనిచేసి, 1994 ఆగస్టు 3న మన దేశంలో విజయవంతమైన తొలి గుండె మార్పిడి చేశారు. 1968లో ముంబయిలో డాక్టర్ పి.కె. సేన్ ప్రయత్నించినప్పుడు రోగి కొన్ని గంటలే బతికాడు. మధ్యలో పాతికేళ్లకు పైగా ఎవరూ చేయలేకపోవడానికి మెదడు చనిపోయిన మనిషిని మరణించినట్టు గుర్తించే చట్టం లేకపోవడం పెద్ద అడ్డంకి. ఆ చట్టం 1994 జులైలో వచ్చింది. నెల తిరగకముందే వేణుగోపాల్ కత్తి పట్టారు. అప్పుడు ప్రధానమంత్రి ఎవరు? మన పాత కరీంనగర్ జిల్లా వంగర బిడ్డ పీవీ నరసింహారావు. 1991 నవంబరు 22న పుట్టపర్తిలో పేదలకు ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రిని ప్రారంభించింది కూడా ఆయనే. వేణుగోపాల్ గారు 2024 అక్టోబరులో వెళ్లిపోయారు. ఆయన చదువూ, కొలువూ, తొలి గుండె మార్పిడీ అన్నీ ప్రజల పన్నులతో నడిచే దవాఖానలోనే అని మన పిల్లలకు ఎవరైనా చెప్పారా?

ఇంకో పేరు చెప్పాలి. డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే. హైదరాబాద్‌లో పేరు మోసిన సర్జన్ అయి ఉండి, తాను చదువుకున్న గుంటూరుకు తిరిగి వెళ్లి, 2015లో అక్కడి ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో తన బృందంతో గుండె ఆపరేషన్లు మొదలుపెట్టారు. 2016లో అదే సర్కారు దవాఖానలో గుండె మార్పిడి కూడా జరిగింది. అట్లాగే మన తెలంగాణ నుంచి వెళ్లి లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రిలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులకు ఆపరేషన్లు చేస్తున్న డాక్టర్ దన్నపునేని రమణ, అక్కడి బృందాన్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ నిమ్స్‌కు వచ్చి పసిపిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేశారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. మొక్కిన తర్వాత ఒక ప్రశ్న వేసుకోవాలి. లివర్‌పూల్ బృందం వచ్చేది వారం. మిగతా 51 వారాలు ఎవరు చూస్తారు?

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారేమో. అది 2007 ఏప్రిల్ 1న మొదలైంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో దాని పరిమితి పది లక్షలు. కార్డు ఆపరేషన్ ఖర్చు కడుతుంది. ఆపరేషన్ చేసే చేతిని తయారుచేసే ఖర్చు ఏ కార్డూ కట్టదు. అక్కడ మొదలవుతుంది మన బాధ్యత.

బీడీ కార్మిక సంఘాలు, పద్మశాలి సంఘాలు, ముదిరాజ్, గౌడ, మాదిగ, మాల, ముస్లిం సంఘాలు, మామిడి మార్కెట్ వ్యాపారులు, రైస్ మిల్లర్లు, గల్ఫ్ సంఘాలు అందరూ వినాలి. మీ భవనాలకు టైల్స్ తర్వాత వేయించుకోవచ్చు. ఎంఎస్ తర్వాత గుండె సర్జరీకి పోతానన్న పిల్లకు, పిల్లవాడికి ఆ మూడేళ్లు ఇంటి అప్పు మీద వడ్డీ సంఘం కడుతుందని చెప్పండి. అంతే చాలు. సర్జన్‌ను వెనక్కి లాగేది హాస్టల్ ఫీజు కాదు, ఇంటి దగ్గర పెరిగే వడ్డీ. పదో తరగతి బ్యాచ్‌ల సమ్మేళనాలు ప్రతి ఎండాకాలం జరుగుతున్నాయి. షామియానా, శాలువాలు, మెమెంటోలు, బిర్యానీ. నేనూ పోయాను, బిర్యానీ బాగానే ఉంది. ఆ మెమెంటోలు ఏ సజ్జ మీద దుమ్ము పట్టి ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ ఏడు వాటిని మానేసి, ఆ పైసలు ఈ వడ్డీ కోసం పక్కన పెట్టండి.

డబ్బు లేనివాళ్లు ఏం చేయాలి? వాళ్లు చేయగలిగిందే ఎక్కువ. మొదటిది రక్తం. పసిపిల్ల గుండె ఆపరేషన్‌కు తాజా రక్తం కోసం తండ్రి నిమ్స్ ముందు పంజగుట్ట ఫుట్‌పాత్ మీద తెలియని మనుషుల చేతులు పట్టుకుని బతిమాలే పరిస్థితి మన ఊరి మనిషికి రాకూడదు. ఊరికి పదిమంది యువకులు తమ గ్రూపు, ఫోన్ నంబరు పంచాయతీ గోడ మీద రాసి పెట్టండి. రెండోది దేహం. మొదటి సంవత్సరం పిల్లలు గుండెను మొదటిసారి చూసేది దానం చేసిన మనిషి దేహంలోనే. మన మట్టిలో కలిసేముందు మన కాలేజీ బల్ల మీద ఒక ఏడాది పిల్లలకు పాఠం చెబితే పోయేదేముంది? ఎనభై దాటిన పెద్దలు తమ కొడుకులకు ఈ మాట ఇప్పుడే చెప్పి, కాగితం మీద సంతకం పెట్టి ఉంచాలి. పోయాక కొడుకులు ధైర్యం చేయరు.

మూడోది అవయవదానం, అన్నిటికన్నా కష్టం. 2021 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా రైతు ఒకాయన మెదడు చనిపోయింది. ఇంటివాళ్లు గుండె ఇచ్చారు. హైదరాబాద్ ఎల్బీనగర్ ఆసుపత్రి నుంచి జూబ్లీహిల్స్‌కు నగర ట్రాఫిక్‌లో పోతే గంటకు పైనే పడుతుంది. తీసిన గుండెను నాలుగు గంటల్లోపు ఇంకో ఛాతీలో కలపాలి. అప్పుడు నాగోలు నుంచి మెట్రో రైలును ఎక్కడా ఆపకుండా నడిపారు. 21 కిలోమీటర్లు అరగంటలోపు. గోఖలే బృందం ఆ గుండెను ఇంకొకరిలో అమర్చింది. ఆ రోజు రైలు నడిపినవాళ్లను, సర్జన్లను అందరూ పొగిడారు. ఆ రైతు ఇంటి ఆడవాళ్ల దుఃఖంలో "సరే" అనే మాట ఎట్లా వచ్చిందో ఎవరూ రాయలేదు. మన హైవేల మీద, మన బైకుల మీద మెదడు చనిపోయే పిల్లలు తక్కువేం కాదు. నలుగురు డాక్టర్ల బోర్డు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి చెప్పాకే అవయవదానం చూసుకునే జీవన్‌దాన్ వాళ్లు ఇంటివాళ్ల దగ్గరికి వస్తారు. ఆ గంటలో ఊరి పెద్దలు ఆ ఇంటి పక్కన నిలబడాలి. "కొడుకు గుండె అమ్ముకున్నరు" అని కూసే నోళ్లను మూయించడం కూడా మనవంతే.

గుండె సర్జన్ అవసరమే రాకుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే. బడికి పోయే పిల్లలకు గొంతునొప్పి, జ్వరం వచ్చి, కొన్నాళ్లకు మోకాళ్లు, మణికట్లు ఒకదాని తర్వాత ఒకటి వాచి తగ్గితే, అది పెరుగుతున్న పిల్లల కాళ్లనొప్పి అని వదిలేయకండి. ఆ జ్వరం కీళ్లను నాకి వదిలేస్తుంది, గుండె కవాటాలను మాత్రం కొరికేస్తుంది. ఇరవై ఏళ్లకు పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు ఆ పిల్లకు ఆయాసం మొదలవుతుంది. అప్పుడు తెలుస్తుంది కవాటం సన్నబడిపోయిందని. మూడు వారాలకోసారి ఒక పెన్సిలిన్ ఇంజక్షన్ ఏళ్ల తరబడి తప్పకుండా వేయిస్తే కవాటం ఆపరేషన్ తప్పించవచ్చు. ఇరుకు ఇళ్లల్లో ఈ జబ్బు ఎక్కువ. బీడీ వాడల్లో, సాంచెల వాడల్లో తిరిగే ఆశా అక్కలకు ఇది కొత్త కాదు, కానీ ఇంజక్షన్ తేదీ గుర్తుపెట్టుకోవాల్సింది ఇంటివాళ్లు. గల్ఫ్ తమ్ముళ్లకు ఒక్క మాట. యాభై డిగ్రీల ఎండలో పనిచేసి, రాత్రి గదిలో సిగరెట్లు, ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాస్ అని ఈనో తాగి పడుకోవడం మానండి. శంషాబాద్‌కు పెట్టెల్లో వచ్చినవాళ్లలో ఎంతమంది ముందురోజు గ్యాస్ అనే అన్నారో వాళ్ల రూమ్‌మేట్లను అడగండి.

జగిత్యాల 1978లో కూలీ రైతులు జైత్రయాత్ర తీసిన ఊరు. వేలమంది ఒకే మాట మీద నడవడం ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఈసారి నడవాల్సింది 2034 దాకా. అందుకే నినాదాల కన్నా జాబితాలు కావాలి. దసరాకు హైదరాబాద్ వాళ్లూ, గల్ఫ్ వాళ్లూ వస్తారు. పండుగ మరునాడు ఒక పూట మూడు ఊళ్ల సంఘాలు కూర్చుందాం. ప్రతి సంఘం ఒక కాగితం తేవాలి. మీ వాడలో ఎంబీబీఎస్ చదువుతున్నవాళ్లు ఎవరు, ఏ ఏడాదిలో ఉన్నారు, ఇంటి మీద అప్పెంత, సర్జరీ వైపు మనసున్నవాళ్లెవరు. పక్క ఊరి నుంచి వచ్చి మన కాలేజీలో చదువుతున్న పిల్లలనూ అందులో రాయండి, వాళ్లు ఏ జిల్లా అని అడగకండి. ఆడపిల్లల పేర్లు ముందు రాయండి, ఎందుకంటే మేనమామలు ముందు ఆపేది వాళ్లనే. కాగితం కింద రాసినవాళ్ల బ్లడ్ గ్రూపు కూడా రాసి తీసుకురండి.